నురగ గిన్నెలో ఉపగ్రహం

మాటల మేస్త్రి ఎవరని ఆ వీధిలో ఏ పిల్లవాణ్ణి అడిగినా మూడు కుర్చీల సెలూన్ వైపు వేలు చూపించేవాడు. మేస్త్రి చేతిలో కత్తి ఎంత చురుకో, నోట్లో నాలుక అంతకు రెండింతలు. గడ్డానికి వచ్చినవాళ్ళు ఏ మాట గురించి అడిగినా సరే, అది ఏ దేశంలో పుట్టిందో, మొదట ఎవరి నోట పడిందో, ఎన్ని నదులు దాటి మన దాకా వచ్చిందో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. తడుముకోవడం తెలిసినవాడికి గానీ తెలియనివాడికి దేనికి? ఉన్నమాట ఒప్పుకోవాలి మరి, వాటిలో ఒక్కదాని పుట్టుకా ఆయనకు తెలియదు. అప్పటికప్పుడు అల్లడమే. అల్లేటప్పుడు మాత్రం తన వృత్తిని మరిచిపోయేవాడు కాదు. ఏ మాట వెనక చూసినా ఎక్కడో ఒకచోట ఒక బార్బరు నిలబడి ఉండేవాడు.

ఆ ఏడు మేస్త్రి పంట పండింది. ఎక్కడో ఒక పెద్ద దేశంవాళ్ళు లోహపు గుండొకటి చేసి ఆకాశంలోకి పంపారు. అది కింద పడకుండా భూమి చుట్టూ తిరుగుతూ రేడియోల్లో కీచుకీచుమంది. నెల తిరిగేసరికి కుక్కనెక్కించి రెండోది పంపారు. మేం మాత్రం తక్కువ తిన్నామా అని అవతలి పెద్ద దేశంవాళ్ళు తొడ కొట్టారు. రోజుకో కొత్త మాట పేపర్లో పడేది. స్పుత్నిక్ అట, రాకెట్ అట, ఆర్బిట్ అట. కుర్చీలో కూచున్న ప్రతివాడికీ వాటి కూపీ కావాలి.

మేస్త్రి ఎవరినీ ఉత్త చెవులతో పంపలేదు. ఆ దేశంలో గడ్డం నురగ కలిపే గుండ్రటి గిన్నెను స్పుత్నిక్ అంటారని చెప్పాడు. శాస్త్రవేత్త గడ్డం గీయించుకుంటూ, గిన్నెలో నాలుగు బ్రష్షులు ఉండటం చూసి, అదే ఆకారంలో గుండు చేసి, నాలుగు తీగలు తగిలించి పైకి పంపాడట. రాకెట్ సంగతి ఇంకా గొప్పది. వెనకటికి ఒక బార్బరు పొయ్యి మీద నూనె సీసా మరిచిపోతే అది భగ్గుమని కప్పు చీల్చుకుని ఎగిరిపోయిందట. అతని భార్య పేరు రాకెట్టా. నోటి దురుసులో ఆవిడా అంతేనని ఊరివాళ్ళు సీసాకు ఆవిడ పేరు పెట్టారట. ఇక ఆర్బిట్. తల తిప్పడం నామోషీ అనుకునే ఒక మహారాజుకు గడ్డం గీయడానికి ఆస్థాన బార్బరు సింహాసనం చుట్టూ తిరిగి తిరిగి, నేల మీద గుండ్రటి దారి పడిపోయిందట. ఆ దారి పేరే ఆర్బిట్.

వినేవాళ్ళు సగం నమ్మి, సగం నవ్వుకుని, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయేవారు. మొత్తం నమ్మిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. ఆయన కూతురు.

ఆ అమ్మాయి రేడియో స్టేషన్‌లో ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగంలో ఉంది. పాటల పేర్లు, టైమూ చెప్పడం తప్ప సొంతంగా ఒక్క ముక్కా మాట్లాడనిచ్చేవారు కాదు. గడువు వారంలో ముగుస్తుందనగా విద్యార్థుల కార్యక్రమంలో పది నిమిషాల ప్రసంగం దక్కింది. బాగుంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. ఈ సంగతి మేస్త్రికి తెలుసు. ప్రసంగం దేని మీదో మాత్రం తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు మేస్త్రి పోస్టుమాస్టరుగారి గడ్డం గీస్తున్నాడు. కుడి చెంప అయింది, ఎడమ చెంప నురగలో ఉంది. భార్య భోజనం క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టి, ముసిముసిగా నవ్వింది.

"రెండింటికి రేడియో పెట్టుకోండి. మన పిల్ల ప్రసంగం. అంతరిక్షం మాటలన్నీ ఎక్కడెక్కడ పుట్టాయో చెబుతుందట. మీరు చెప్పినవి మూడూ పొల్లు పోకుండా రాసుకుంది. మీకు ముందే చెప్పొద్దంది, విని పొంగిపోవాలట."

మేస్త్రి పొంగిపోలేదు. కత్తి పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఏమయ్యా, నా పీక మీద నిద్రపోయావా?" అన్నారు పోస్టుమాస్టరుగారు.

"అవి రేడియోలో చెప్పేవి కావండీ," అన్నాడు మేస్త్రి నీరసంగా.

"అదేమిటి?" అంది భార్య. "ఇవీ కల్పించినవేనా? ఇవన్నా పేపర్లో చూసి చెప్పారనుకున్నాను."

మేస్త్రి తల దించుకున్నాడు. భార్య నెత్తి కొట్టుకుంది. "అబద్ధమాడితే అతికినట్టుండాలని మీరు నియమం పెట్టుకున్నారు చూడండి, అది ఇవాళ పిల్ల ఉద్యోగానికి అతుక్కుంది."

"ఒక ఫోను కొడితే..." అని పోస్టుమాస్టరుగారి వైపు చూశాడు మేస్త్రి.

"పోస్టాఫీసు ఫోను రెండు రోజుల నుంచీ మూగనోము పట్టింది. పద, నా స్కూటరుంది," అని ఆయన లేచేశారు. సగం గడ్డంతో, మెడలో గుడ్డతో, ఎడమ చెంప మీద నురగతో. మంచి మనిషి. మేస్త్రికి అప్పుడు అవేమీ కనిపించలేదు. ఆయన కళ్ళ ముందు ఒకటే కదులుతోంది. ఏడో తరగతిలో కూతురు ఒక మాట విషయంలో "మా నాన్న చెప్పాడు" అని టీచరుతో పోట్లాడి బెంచీ ఎక్కి నిలబడింది. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు నొప్పులని చెప్పింది గానీ, నాన్న మాట తప్పేమోనని మాత్రం అనలేదు. ఆ రోజు కూడా మేస్త్రి నోరు మెదపలేదు. ఇప్పుడు నిజం చెబితే పిల్ల తన మీద నమ్మకం పోగొట్టుకుంటుంది. చెప్పకపోతే ఉద్యోగం పోగొట్టుకుంటుంది.

రేడియో స్టేషన్‌లో ఒక పద్ధతుంది. ప్రసంగం చేసే మనిషి ముందే మొత్తం రాసి ఇవ్వాలి. రాసిన ప్రతి సంగతి పక్కనా అది ఎక్కడిదో అంచులో రాయాలి. ప్రసంగాల ఆఫీసరు ప్రతి పేజీ మీదా ముద్ర వేస్తాడు. ముద్ర పడ్డాక ఒక్క మాట పెంచకూడదు, ఒక్క మాట తగ్గించకూడదు, పది నిమిషాలు కచ్చితంగా నిండాలి. అమ్మాయి పద్ధతి ప్రకారమే మూడు చోట్ల అంచులో "మా నాన్నగారు" అని రాసింది. ఆఫీసరు దాన్ని చూసి, తండ్రి ఎవరో పెద్ద పండితుడై ఉంటాడనుకుని, కళ్ళు మూసుకుని ముద్ర కొట్టేశాడు.

అందుకే మేస్త్రి ఆయాసపడుతూ వరండాలోకి వచ్చి, నేను ఫలానా అమ్మాయి తండ్రినండీ అనగానే ఆఫీసరు కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు.

"మీ గురించి అమ్మాయి చాలా చెప్పింది. తమరు పాఠాలు చెప్పేది ఏ విశ్వవిద్యాలయంలోనండీ?"

"సెలూన్‌లోనండీ," అన్నాడు మేస్త్రి.

ఆఫీసరు ఆయన భుజం మీది తువ్వాలునూ, చేతిలో మరిచిపోయి తెచ్చిన బ్రష్షునూ, వెనకాల సగం గడ్డంతో నిలబడ్డ పోస్టుమాస్టరుగారినీ మార్చి మార్చి చూశాడు. అప్పటికి కూతురు కూడా గదిలోంచి బయటికి వచ్చింది. గోడ గడియారంలో ఒంటిగంటా పది.

మేస్త్రి డొంకతిరుగుడు లేకుండా చెప్పేశాడు. జీవితంలో అంత పొట్టిగా మాట్లాడటం అదే మొదలు. "అమ్మా, ఆ మూడూ నేను కల్పించినవి. నాకేమీ తెలీదు. అవి చదవకు."

అమ్మాయి చేతిలోని కాగితాలు తిరగేసి, అంచులో తను రాసిన మూడు చోట్లా చూసింది.

"ఈ మూడేనా?" అంది.

"కాదు. చిన్నప్పటి నుంచీ చెప్పినవి... చాలా మటుకు."

"బెంచీ ఎక్కినప్పటిదీ?"

"అదీ."

అమ్మాయి ముఖం ఎర్రబడింది. కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఎందుకు నాన్నా? తెలీదని ఒక్కమాట అంటే నీ సొమ్మేం పోయింది?"

"నేను మూడో క్లాసుతో ఆపేసినవాణ్ణి తల్లీ. నువ్వు నా ఒళ్ళో కూచుని ఇదెందుకు, అదెందుకు అని అడిగేదానివి. నేను చెబుతుంటే నీ ముఖం వెలిగిపోయేది. తెలీదంటే ఆ వెలుగు ఆరిపోతుందేమోనని భయమేసింది. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు."

"ఆరిపోయేది కాదు. వెళ్ళి ఇంకెవరినైనా అడిగేదాన్ని, అంతే," అంది అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ.

మేస్త్రికి ఇన్నేళ్ళలో ఈ సంగతి తట్టనే లేదు. నిజంగానే తట్టలేదు.

ఏడ్చుకోవడానికి టైము లేదు. అమ్మాయి ముక్కు చీదుకుని లైబ్రరీ గదిలోకి నడిచింది. ఇటుకంత మందమున్న నిఘంటువును మేస్త్రీ పోస్టుమాస్టరుగారూ చెరో వైపూ పట్టుకుని దించారు. అమ్మాయి పేజీలు తిప్పుతుంటే మేస్త్రి దుమ్ము ఊదుతూ పక్కన నిలబడ్డాడు. రాకెట్ దొరికింది. నూలు చుట్టే కండెకు ఇటలీవాళ్ళ మాట అది. బాణసంచా గొట్టం కండెలా ఉంటుందని ఆ పేరు వచ్చింది. ఆర్బిట్ దొరికింది. పాత లాటిన్‌లో బండి చక్రం నడిచి నడిచి నేల మీద వేసిన గాడి.

"చూశావా, దారి పడటం దాకా నేను సరిగ్గానే వచ్చాను," అన్నాడు మేస్త్రి ఉండబట్టలేక. కూతురు ఒక్క చూపు చూసింది. ఆయన మళ్ళీ దుమ్ము ఊదడం మొదలుపెట్టాడు.

స్పుత్నిక్ నిఘంటువులో లేదు, అది మొన్నటి పిల్ల. వార్తల గదిలో పాత కాగితాల కట్ట విప్పితే బయటపడింది. ప్రయాణంలో కూడా వచ్చేవాడు, తోటి బాటసారి అని అర్థం. భూమికి తోడుగా నడుస్తుంది కనక ఆ పేరు.

తీరా నిజాలన్నీ రాసి గడియారం పెట్టి చదివితే ప్రసంగం ఎనిమిది నిమిషాలకే అయిపోయింది. నిజం పొట్టిది. మేస్త్రి కథలకున్న నిడివి దానికెక్కడిది? ఆఫీసరు తల పట్టుకున్నాడు.

"రేడియోలో రెండు నిమిషాలు మూగగా ఉంటే నేను రెండు నెలలు సంజాయిషీలు రాసుకోవాలమ్మాయ్. ఆ టైములో ఏదో పాట వేసేస్తాను. నీ ప్రసంగం ఇంకోసారి చూద్దాం."

ఆ ఇంకోసారి రాదని అక్కడున్న నలుగురికీ తెలుసు. అమ్మాయి కాగితాల వంక చూసింది, తండ్రి వంక చూసింది.

"నాన్న కథలు కూడా చదువుతానండీ. అబద్ధమని చెప్పే చదువుతాను. ముందు కథ, తర్వాత నిజం. అంచులో ఎక్కడిదో రాయాలి కదా, అదీ చదువుతాను. సెలూన్ నడిపే మా నాన్న కల్పించాడు అని."

ఆఫీసరు మేస్త్రి వైపు తిరిగాడు. "మీకు అభ్యంతరం లేదా? మీ వీధంతా వింటుంది."

మేస్త్రికి మాటల మేస్త్రి అన్న పేరు తప్ప వేరే ఆస్తి లేదు. అది వీధంతా వింటుండగా పోతుంది. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "చదవనివ్వండి," అన్నాడు. ఆఫీసరు పేజీ పేజీకీ కొత్త ముద్ర వేశాడు.

రెండింటికి స్టూడియో తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. మేస్త్రి వరండా బెంచీ మీద, గోడకున్న స్పీకరు కింద కూచున్నాడు. కూతురి గొంతు మొదట కాస్త వణికింది. నురగ గిన్నె కథ దగ్గరికి వచ్చేసరికి కుదుటపడింది. రాకెట్టా మొగుణ్ణి తిట్టే చోట అచ్చం మేస్త్రిలాగే సాగదీసింది. పక్క గదిలో స్టేషన్‌వాళ్ళు పగలబడి నవ్వడం వినిపించింది. పోస్టుమాస్టరుగారైతే ఎండిపోయిన నురగ చెంప పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత నిజం చెప్పింది, తొణక్కుండా, ఒక్కో మాటా నిలిపి. పది నిమిషాలు గడియారం మీద గీత గీసినట్టు ముగిశాయి.

ఆఫీసరు లేచి వస్తూ, "నెలకొకటి రాస్తావా?" అని అడిగాడు అమ్మాయిని. అడిగి, జవాబు కోసం ఆగకుండా, ఆమె ఉద్యోగం కాగితం పట్టుకుని పైఅధికారి గదిలోకి వెళ్ళిపోయాడు.

అమ్మాయి వచ్చి బెంచీ మీద తండ్రి పక్కన కూచుంది.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పాలి," అంది.

"అడుగమ్మా."

"నేను మొట్టమొదట పలికిన మాట 'నాన్న' అని ఊరందరికీ చెబుతావు కదా. అది కూడానా?"

మేస్త్రి నాలుక చివర కథ తయారుగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా చెప్పి చెప్పి నున్నబడిన కథ. ఒక్కసారి అది నిజమేనంటే చాలు, సరిచూడటానికి ఈ మాట ఏ నిఘంటువులోనూ ఉండదు. ఆయన బ్రష్షును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అదీ అంతే తల్లీ. నువ్వు 'పో' అన్నావు."

"ఎవరిని?"

"నన్నే. రోజంతా వాళ్ళ గడ్డాలూ వీళ్ళ గడ్డాలూ గీసి, నాది గీసుకోకుండా ఇంటికి వచ్చాను. ముద్దు పెట్టుకోబోయాను. గుచ్చుకుంది కాబోలు, రెండు చేతులతో నా మొహం అవతలికి నెట్టి 'పో' అన్నావు. స్పష్టంగా అన్నావు. మీ అమ్మకి కూడా చెప్పుకోలేదు."

అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. తండ్రి చెంపకు తన చెంప ఆనించి అలాగే ఉండిపోయింది.

"ఇక నుంచి నువ్వేం చెప్పినా నమ్ముతాను నాన్నా," అంది.