అయ్యగారికి కునుకు పట్టిన ఆదివారం

పాస్టరు దయానందానికి మూడు ఊళ్ళలో మూడు సంఘాలు. ఆదివారం తెల్లవారగానే మదనపల్లెలో ఆరాధన, పొద్దెక్కేసరికి పుంగనూరులో, మధ్యాహ్నం దాటాక కుప్పంలో. పుంగనూరు, కుప్పం పాస్టర్లు బదిలీ అయినప్పుడు, "కొన్నాళ్ళు మీరే చూసుకోండి" అన్నారు పైవాళ్ళు. ఆ కొన్నాళ్ళు ఏళ్ళయ్యాయి. ప్రసంగం చేస్తూనే స్కూటరులో పెట్రోలు సరిపోతుందా అని లెక్క వేసుకునేవాడు దయానందం. ఆమేన్ అనేలోపే ఆయన చెయ్యి సంచీ కోసం వెతికేది. భార్య ఎవాంజెలిన్ ఆసుపత్రిలో నర్సు. "మా వార్డులో ఆయాలు కూడా ఇంత పరిగెత్తరండీ," అని నవ్వేది. ఈమధ్య ఆ నవ్వూ మానేసింది.

తొంభైతొమ్మిది డిసెంబరు అది. క్రిస్మస్ దగ్గరపడి, వారమంతా ఇంటింటికీ తిరిగి పాటలు పాడి ఆయన గొంతు బొంగురుపోయింది. ఆ ఆదివారం మదనపల్లె పొలిమేర దాటగానే మంచు కమ్మేసింది. చింతచెట్లు ఒక్కొక్కటే మంచులోంచి బయటికి వచ్చి, ఆయన్ని చూసి, మళ్ళీ మంచులోకే వెళ్ళిపోతున్నాయి. స్కూటరు తాను నడుపుతున్నాడో, అదే తనని మోసుకుపోతోందో తెలియలేదు. పుంగనూరు చేరేసరికి చేతులు కొయ్యబారిపోయాయి.

అక్కడి మందిరం చిన్న పెంకుటిల్లు. ఆయన కోసం అందరూ చాపల మీద కూర్చుని ఉన్నారు. "కళ్ళు మూసుకుని ప్రార్థించుకుందాం," అన్నాడు దయానందం. నిలబడలేక కుర్చీలో కూర్చుని, తానూ కళ్ళు మూసుకున్నాడు.

అంతే. ఆ ప్రార్థన మొదలే కాలేదు.

కలలో ఆయన ఒక వాగు ఒడ్డున ఉన్నాడు. నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. ఎవరో ఎదురుగా కూర్చుని ఆయన పాదాలు కడుగుతున్నారు. ముఖం కనిపించడం లేదు, తల వంచుకుని ఉన్నారు. వేళ్ళ సందుల్లోని దుమ్మంతా నింపాదిగా, చంటిబిడ్డకు కడిగినట్టు కడుగుతున్నారు. "అయ్యా, కుప్పంలో నా కోసం కాచుకుని ఉంటారు," అన్నాడు దయానందం. ఆ మనిషి తల ఎత్తలేదు. రెండో పాదం చేతిలోకి తీసుకున్నారు. వాగు మీదుగా ఎక్కడి నుంచో పాట వస్తోంది. అది పాటో, రాగిచేలలో గాలో తెలియనంత మెల్లగా ఉంది.

కళ్ళు తెరిచేసరికి ఆ పాట ఇంకా వినిపిస్తూనే ఉంది. చాపల మీద కూర్చున్నవాళ్ళు గొంతు తగ్గించి కీర్తన పాడుతున్నారు. పెంకుల సందుల్లోంచి పడే ఎండ తూర్పు గోడ వైపు జరిగిపోయింది. ఆయన భుజాల మీద ఎవరిదో పాత శాలువా ఉంది.

సిగ్గుతో ముఖం ఎర్రబడింది. "నన్ను లేపలేదేమమ్మా?" అన్నాడు ముందు వరుసలో ఉన్న జయశీలమ్మతో. ఆమె మిషన్ హాస్టల్లో వంట చేసి రిటైరైన ముసలమ్మ. ఆ శాలువా ఆమెదే.

"యాల లేపేది అయ్యగారూ? మీరు తండ్రి ఇంట్లో నిద్రపోతాండారు. మేమూ పాడుకుంటా ఉండాం. ఒకరిద్దరు లేపుదామనిరి, నేనే వద్దంటి."

"ప్రసంగం..."

"వచ్చే వారం చెప్తురులే. ముందు ఇంత సంగటి తినండి. అనపగింజల పులుసు ఉండాది."

ఇన్నేళ్ళలో ఆ ఊళ్ళో ఆయన చెయ్యి కడుక్కుని కూర్చుని తినడం అదే మొదలు. తిన్నాక ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి కుప్పానికి ఫోన్ చేశాడు. అక్కడి సంఘపెద్ద మునస్వామి, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసినవాడు, పక్కింటి ఫోన్లోకి వచ్చాడు.

"ఆలస్యమైపోయింది మునస్వామీ. అందరినీ ఇళ్ళకు పొమ్మను."

"నిదానంగా రాండయ్యా. మీరు రాకపోయినా దేవుడు ఈడనే ఉండాడు గదా," అన్నాడు మునస్వామి, ఎత్తిపొడుపేమీ లేకుండా.

ఆ మాట దయానందాన్ని దారంతా వదల్లేదు. బైరెడ్డిపల్లె దగ్గర స్కూటరు ఆపి, టీ తాగి, బండరాయి మీద కాసేపు ఊరికే కూర్చున్నాడు. మంచు ఎప్పుడో విడిపోయింది. ఆవులు ఇళ్ళకు మళ్ళుతున్నాయి. ఇన్నాళ్ళూ తాను దేవుణ్ణి సంచీలో వేసుకుని ఊరూరికీ చేరవేస్తున్నానని అనుకున్నాడా ఏమిటి? అనుకుని నవ్వుకున్నాడు. ఆ నవ్వుతోనే కళ్ళు చెమర్చాయి.

కుప్పం చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆరాధన వాళ్ళే ముగించుకున్నారు. మునస్వామి ఒక్కడే మందిరం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మీ ఇంటికి పోదాం పద," అన్నాడు దయానందం.

మునస్వామి ఆయన ముఖంలోకి చూశాడు. నాలుగేళ్ళుగా ఇంటికి రమ్మని పిలిచి పిలిచి, ఈమధ్యే పిలవడం మానేశాడు.

ఇంట్లో మునస్వామి భార్య యశోదమ్మ కిటికీ పక్కన మంచంలో ఉంది. ఏడాదిగా ఆమె లేచి నడవలేదని, చూపు కూడా మసకబారిందని దయానందానికి అప్పుడే తెలిసింది. ఆయన ఏదో ప్రార్థన చెయ్యబోయి, ఆగి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎవురు?" అంది ఆమె.

"దయానందాన్నమ్మా."

"అయ్యగారా? మీరు పోవల్ల కదా?"

"లేదమ్మా. ఈ పూట ఈడనే ఉంటాను."

ఆమె చెయ్యి చాపితే పట్టుకున్నాడు. పుట్టింటి ఊరి గురించి, తన పెళ్ళిలో కురిసిన వాన గురించి, పొద్దున కిటికీలో వాలే పిట్టల గురించి మెల్లమెల్లగా చెప్పుకొచ్చింది. మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదటికి వచ్చేది. ఆయన మళ్ళీ మొదటి నుంచి విన్నాడు.

కొత్త సంవత్సరం నుంచి దయానందం ఆదివారానికి ఒక ఊరే వెళ్ళసాగాడు. మిగిలిన రెండు చోట్ల సంఘంవాళ్ళే వాక్యం చదువుకోవాలని ఒప్పించాడు. మదనపల్లెలో కొందరు సణిగారు, పైవాళ్ళు సంజాయిషీ అడిగారు. జయశీలమ్మ మొదటిసారి వాక్యం చెప్పిన రోజు రెండు మాటలకే కూర్చుండిపోయిందట. రెండోసారికి ఎవరాపినా ఆగలేదట.

ఎవాంజెలిన్‌కు సెలవు దొరికిన వారం ఇద్దరూ కలిసి బస్సులో కుప్పం వెళ్ళారు. ఆమె యశోదమ్మ జుట్టుకు నూనె రాసి దువ్వుతుంటే, దయానందం గడప మీద కూర్చుని మునస్వామితో పాటు చిక్కుడుకాయలు తుంచాడు. వంట ఎప్పటికవుతుందని ఎవరూ అడగలేదు.