పూలజడ పెళ్లికొడుకు

నాకొచ్చిన పెళ్లికొడుకు ఫోటోలో పూలజడ వేసుకుని ఉన్నాడు. నవ్వకండి, ఆరోజు మా ఇంటిల్లిపాదీ నవ్వింది చాలు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు సంగతి. పులివెందుల దగ్గరి పల్లె సంబంధం. అబ్బాయి పేరు ఓబులేసు, సేద్యగాడు. మావాళ్లు ఫోటో అడిగితే, వాళ్ల నాన్న ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పటాన్ని గోడ మీంచి తీసి, కొడుక్కి చెప్పకుండానే పంపేశాడు. పసితనంలో పుట్టువెంట్రుకలు తీయించే ముందు ప్రొద్దుటూరు స్టూడియోలో తీయించిన పటం అది. పరికిణీ, కాసులపేరు, కళ్లకు కాటుక. జడ కనబడాలని వెనకాల అద్దం కూడానూ!

మా అన్న గంగులప్ప ఊరుకుంటాడా? జమ్మలమడుగు బస్టాండు పక్కన మాకు టీ హోటలుండేది. పటాన్ని తీసుకెళ్లి దాని గోడకు తగిలించాడు. "సూడండప్పా, మా కొత్త బావ!" అని వచ్చేపోయేవాళ్లకు చూపించడమే పని. నాకు తల కొట్టేసినట్టయింది.

కొన్నాళ్లకు ఓబులేసే హోటలుకొచ్చాడు. నల్లటి మనిషి, బలమైన భుజాలు.

"సంబంధం వద్దంటే మానెయ్యప్పా. పటం మాత్రం నాకిచ్చెయ్."

"తిరునాళ్లలో బండలాగుడుకు రా. మా ఎద్దుల్ని గెలిచి తీస్కపో," అన్నాడు అన్న. "ఓడితే మాత్రం అది ఈడ్నే ఉంటాది."

మా ఎద్దులంటే ఆ చుట్టుపక్కల హడల్. ఓబులేసు పటం వైపు ఒక్కసారి చూసి సరేనన్నాడు. జడ ఫోటోకి ఇంత పంతమేందబ్బా అనుకున్నాను.

తిరునాళ్ల రోజు మా ఎద్దులే మొదట లాగాయి. అవి బండను లాగినంత దూరంలో సున్నంతో గీత గీశారు. తర్వాత ఓబులేసు వంతు. "జడేసుకో రా! జడ!" అని జనం ఒకటే గోల. గీత దగ్గరపడుతుండగా ఆయన ఎద్దులు మొండికేశాయి. ఆయన చర్నాకోల అవతల పారేసి, ఎద్దులకు ఎదురుగా వెళ్లి నిలబడి, నవ్వుతూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

"ఇట్ల సూడండి బంగారూ! నా దిక్కు సూడండి!"

ఎద్దులు కదిలాయి. మా అన్న పక్కనే నిలబడి నేను "లాగండీ!" అని గొంతు చించుకున్నాను. సిగ్గూ లేదు, గాడిదగుడ్డూ లేదు. బండ గీత దాటేసింది.

అన్న మాట తప్పే మనిషి కాదు. పటం తెచ్చి చేతికిచ్చాడు. ఓబులేసు దాన్ని తువ్వాలుతో తుడుస్తుంటే ఉండబట్టలేక అడిగేశాను: "జడ మీద అంత మోజా?"

"జడ కాదమ్మే, అద్దం సూడు."

చూశాను. అద్దంలో జడ పక్కన చిన్నగా ఒకామె. కెమెరా పక్కన నిలబడి చప్పట్లు కొడుతూ నవ్వుతోంది.

"మా యమ్మ. నేను ఏడుస్తాంటే, ఇట్ల సూడు బంగారూ అని నవ్విచ్చిందంట. ఆ యేడే సచ్చిపాయ. ఆమె రూపం ఇంగ యాడా ల్యాదు."

నాకు కళ్లు మసకబారాయి.

"అన్నా, ముహూర్తం పెట్టించు," అన్నాను.

ఆ తర్వాత ప్రొద్దుటూరు, పులివెందుల, ఎక్కడ పోటీ పెట్టినా ఆయన ఎద్దులదే గెలుపు. అదంతా వేరే కథ. పెళ్లయిన మరునాడు నన్నూ అదే స్టూడియోలో పూలజడతో, వెనక అద్దంతో కూర్చోబెట్టారు. నేను కొయ్యలా బిగుసుకుపోతే, ఆయన కెమెరా పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు మా గోడకు రెండు పటాలు. ఒకదాని అద్దంలో మా అత్త, ఇంకోదాని అద్దంలో ఆయన. ఇద్దరిదీ ఒకటే నవ్వు.