పైడిరాజు నల్లకళ్లద్దాలు

నల్లకళ్లద్దాలు పెట్టుకున్న మగవాణ్ణి చూస్తే షోకిల్లారాయుడు అనుకుంటుంది లోకం. నేను ఒక జత నల్లకళ్లద్దాలను. ఏదో కార్ఖానాలో ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోస్తే పుట్టాను. విశాఖపట్నం జగదాంబ కూడలి దగ్గర, కాలిబాట మీద, తాడుకు వేలాడుతూ నెల రోజులున్నాను.

నన్ను కొన్నవాడు పైడిరాజు. గాజువాకలో గేట్లకూ కిటికీ ఊచలకూ వెల్డింగు చేస్తాడు. ఎండలోకి వస్తే అతని కళ్ళలో పొడిచినట్టుండేది. చిన్నప్పటి నుంచీ అంతే. కానీ ఆ సంగతి మరిచిపోయి, నెపం వెల్డింగు మీద వేశాడు. నన్ను పెట్టుకుని వస్తే తోటివాళ్ళు "హీరోగారొచ్చారు" అనేవారు. నవ్వి ఊరుకునేవాడు.

అతని కూతురు గౌరీశ్వరికి ఏడేళ్ళు. సెలవు రోజుల్లో మధ్యాహ్నం తండ్రికి క్యారేజీ తెచ్చేది. ఒక ఉదయం ఆ పిల్ల కళ్ళు తెరవలేకపోయింది. రెప్పల కింద ఇసుక పోసినట్టుందని ఒకటే కేకలు. నాలుగు రోజులకు తగ్గింది. నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది.

"నీ మంట సూసే పిల్ల కళ్ళు పోతన్నాయి. దాన్ని షాపుకి రానియ్యొద్దని సెప్పినానా, నేదా?" అంది అతని భార్య నూకరత్నం.

పైడిరాజు పిల్లను రావద్దన్నాడు. షాపు చుట్టూ టార్పాలిన్ కట్టాడు. నన్ను తీసి కూతురికి పెట్టాడు. ఆ చిన్న ముక్కు మీద నిలవక నేను జారిపోతుంటే, నూకరత్నం నా రెండు కాడలకూ రిబ్బను కట్టి వెనక ముడేసింది. అయినా నొప్పి వస్తూనే ఉంది. బడిలో బోర్డు మీది అక్షరాలు అలికేసినట్టున్నాయని పిల్ల చెప్పింది.

కంటి ఆసుపత్రికి వెళ్ళారు. అప్పుడు నూకరత్నానికి అయిదో నెల. డాక్టరమ్మ నన్ను తీయించి, గౌరీశ్వరి కళ్ళను యంత్రంలోంచి చాలాసేపు చూసింది. తరవాత పైడిరాజు వైపు తిరిగి, "మీరు కూర్చోండి" అంది.

"నాకేటి నేదండి, పిల్లకే," అంటూనే కూర్చున్నాడు. డాక్టరమ్మ అతని కళ్ళు కూడా చూసింది. నేను నూకరత్నం పిడికిలిలో ఉన్నాను.

"మీ ఇద్దరి కళ్ళలోనూ ఒకే రకం మచ్చలున్నాయి," అంది డాక్టరమ్మ. "కంటికి ముందుండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. ఆ మచ్చల వల్ల దాని పైపొర గట్టిగా అతుక్కోదు. నిద్రలో రెప్పకు అంటుకుని, కళ్ళు తెరవగానే ఊడొస్తుంది. ఆ నొప్పి అదే. చుక్కల మందు, పడుకునే ముందు ఆయింట్‌మెంట్ ఇస్తాను. పెద్దయ్యాక చూపు మరీ మసకబారితే ఆపరేషన్ చేయొచ్చు. ఆ తరవాతా మచ్చలు మళ్ళీ రావచ్చు."

"ఇది వెల్డింగు వల్ల కాదేటండి?"

"కాదు. తండ్రి నుంచో తల్లి నుంచో పిల్లలకు వస్తుంది. మీరు చేసిన తప్పేమీ లేదు."

"మంట వల్లయితే పని మానేద్దునండి," అన్నాడు పైడిరాజు.

నూకరత్నం కడుపు మీద చెయ్యి వేసుకుని, "మరి దీనికో?" అని అడిగింది.

"ఒక్కో బిడ్డకూ సగానికి సగం అవకాశం. పుట్టగానే తెలియదు. నాలుగైదేళ్ళు ఆగాలి."

పిడికిలిలో నా ఎడమ కాడ విరిగిన చప్పుడు నూకరత్నం వినలేదు.

మర్నాడు పైడిరాజు టార్పాలిన్ విప్పేశాడు. తండ్రికీ కూతురికీ ఆసుపత్రి వాళ్ళు కొత్త అద్దాలిచ్చారు. నన్ను పారేయడానికి చేతులు రాలేదో, మరిచిపోయారో, పడకగది కిటికీలో పెట్టారు.

కొడుకు పుట్టాడు. ఎవరి పోలికని చుట్టాలంతా అడిగారు. పైడిరాజు మాత్రం అడగలేదు. నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే, కొడుకు కళ్ళు తెరిచేదాకా, అతను వాడి మంచం పక్కన కూర్చుంటాడు. నూకరత్నం గుమ్మంలో నిలబడుతుంది. ఎందుకో గౌరీశ్వరికీ తెలుసు.

ఇవాళ వాడు రెండు చేతులతో కళ్ళు నలుపుకున్నాడు. ముగ్గురూ కదల్లేదు. చాలాసేపు నలిపి, కేక పెట్టకుండా మెల్లిగా కళ్ళు తెరిచాడు.

"ఏటి నాన్నా, అలా సూత్తన్నావు?"

"ఏటీ నేదు. లెగు."

పైడిరాజు నవ్వలేదు, ఏడవలేదు. చొక్కా తగిలించుకుని పనికి వెళ్ళిపోయాడు.