మొవాలా తాత తుంటి మొన

ఫుసి అప్పటికే ఒకసారి పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే ఆస్పత్రిలో ఫిజియోథెరపీ ఉద్యోగం హుళక్కే. వవావు దీవికి తిరిగెళ్లి అమ్మ పక్కన చాపలల్లుకోవడమే.

పరీక్షకు రోగిగా వచ్చినవాడు మొవాలా తాత. అక్క పోయి నెల కాలేదు. ఆ దుఃఖం పాటిస్తూ, ఛాతీ నుంచి మోకాళ్ల దాకా చివికిన చాప చుట్టుకుని, పైన నడుముకి కొబ్బరిపీచు తాడు బిగించి మరీ మంచమెక్కాడు. దుఃఖంలో ఉన్న పెద్దాయన్ని చాప విప్పమని అడగడానికి టోంగాలో ఎవరికి రెండు తలలున్నాయి?

"కాళ్ల పొడవు కొలువు," అంది పరీక్ష పెట్టే లాతూ డాక్టరమ్మ.

కొలత మొదలయ్యేది తుంటి ఎముక ముందువైపు పైమొన దగ్గర. ఫుసి గుడ్డెద్దు చేలో పడ్డట్టు చాప మీంచే తడిమింది. గట్టిగా తగిలిన చోట టేపు పెట్టి చీలమండ దాకా లాగింది. ఎడమ కాలు తొంభై ఒక సెంటీమీటర్లు. కుడి కాలు ఎనభై ఎనిమిది!

"పొద్దుట్నుంచి నలుగురూ ఇదే చెప్పారు తల్లీ," తాత పకపకా నవ్వాడు. "ఒకడైతే ఎత్తు మడమ చెప్పు కూడా రాశాడు. డెబ్బై ఏళ్లుగా కుంటివాణ్ణని నాకే తెలీలేదు చూడు!"

నలుగురూ రాశారంటే తనూ అదే రాసి బయటపడొచ్చు. హమ్మయ్య అనుకుంది కూడా. కానీ తాత గదిలోకి నడిచొచ్చిన తీరు గుర్తొచ్చింది. అబ్బే, ఆ నడకలో కుంటెక్కడిది? మళ్లీ తడిమింది. కుడివైపు గట్టిగా తగిలింది కాస్తా పక్కకి కదిలింది. ఎముక ఎక్కడైనా కదులుతుందా!

"తప్పయిపోయింది తాతా. నేను కొలిచింది మీ ఎముకని కాదు, తాడు ముడిని. చాప విప్పమనను. మీ చెయ్యే లోపలికి పోనిచ్చి ఆ మొన మీద వేలు పెడతారా?"

"ఓస్, ఇంతేనా? ఇది అడగడానికి ఆ నలుగురికీ నోట్లో నాలుక లేదూ!" తాత బొటనవేళ్లు రెండూ లోపలికి దోపాడు. "ఇదిగో. ఇవే లేకపోతే నా చాప ఏనాడో రాజుగారి ముందే జారిపోయేది."

చాప కింద ఎత్తుగా తగిలిన వేళ్ల దగ్గర్నుంచి ఫుసి మళ్లీ కొలిచింది. తొంభై ఒకటి. తొంభై ఒకటి.

"అక్కడ అతుక్కునే కండరం ఏం చేస్తుంది?" డాక్టరమ్మ అడిగింది.

"బాసింపట్టు వేసుకోవడానికి కాలు మడుస్తుందండీ."

"నిజమే! విందుల్లో కావా పానీయం గిన్నె ముందు నేను గంటలకొద్దీ కూర్చునేది దాని పుణ్యమే," అన్నాడు తాత.

డాక్టరమ్మ కాగితం మీద సంతకం చేసింది. "సోమవారం డ్యూటీకి రా."

ఫుసికి సంతోషం పట్టలేక ఏడుపొచ్చేసింది. తాత ఆమె తల నిమిరి, తాడు ముడిని జాగ్రత్తగా ఎడమవైపుకి జరుపుకుని మళ్లీ పడుకున్నాడు.

"ఇంకొకణ్ణి పంపండమ్మా," అన్నాడు. "వాడికి ఎడమ కాలు పొట్టి చేద్దాం."