సాయిలు అలిగిండు

గోవర్ధన్ వచ్చి ఒక్క మాట పిలిస్తే అయిపోయేది. పిలవలేదు. సొంత అన్న, ఒక్క తల్లి పాలు తాగినవాడు, గోడకు అవతల కూర్చుని చాయ్ తాగాడు గాని "రారా సాయిలూ" అని నోరు తెరవలేదు. సాయిలు కడుపులో ఇప్పటికీ మండేది ఆ మంటే. జాగా పోయిన బాధ దాని తర్వాతే.

గౌలిపురాలో వాళ్లది పాలవాళ్ల ఇల్లు. ముందర రెండు గదులు, వెనక బర్ల కొట్టం. కొట్టం వాకిట్లో బర్లకు కుడితి పోసే రాతి గోలెం ఒకటి. తాతల నాటిది. దాని అంచు మనిషి కూర్చునేటంత వెడల్పు. ఆ ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా పోయి ఆ గోలెం అంచు మీద కూర్చోవాలి, మాట్లాడకూడదు. కూర్చున్నాడంటే అలిగాడని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది. కాసేపయ్యాక ఎవరో ఒకరు చాయ్ గ్లాసు పట్టుకుపోయి, పక్కన నిలబడి, "ఏం కావాల్నో చెప్పు" అని అడగాలి. అలిగినవాడు మొదట "నాకేం వద్దు, అంత మీరే తీస్కోండ్రి" అనాలి. అప్పుడు చెయ్యి పట్టి లోపలికి లేపుకుపోవాలి. లోపలికి పోయాక వాడు కోరినది ఎంతో కొంత ఇవ్వాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. సాయిలు పుట్టేసరికే ఉంది.

పేరుకు అందరిదీ గాని, పోనుపోను ఆ గోలెం సాయిలుకు రాసిచ్చినట్టే అయింది. అలక మాట ఆ ఇంట్లో ఉప్పు చింతపండులాగా రోజూ వాడకంలో ఉండేది. "సాయిలు అలిగిండు, వాని గిన్నె మూత పెట్టుండ్రి." "ఇయ్యాల సాయిలు అలిగిండు, షాలిబండ పాలు నువ్వు పోసిరా గోవర్ధనూ." "తమ్ముడు అలిగిండు బిడ్డా, పోయి పిల్సుకరా." ఇవన్నీ తల్లి ఆండాలు మాటలు. పాలు కాస్త పలచగా వచ్చిన రోజు పక్కింటామె గోడ మీదుగా అడిగేది.

"ఏమమ్మా ఆండాలూ, బర్రె అలిగిందా, నీ కొడుకు అలిగిండా?"

"బర్రె అలిగితే ఇంత తవుడు పెట్టి పాలు చేపించుకుంటనమ్మా. వీనికేం పెట్టాలె?"

అయిదో తరగతిలో సారు చెవి మెలిపెట్టాడని అలిగి సాయిలు బడి మానేశాడు. సారు ఇంటికొచ్చి బతిమాలుతాడని గోలెం మీద కూర్చుని చూశాడు. సారుకు అట్లాంటి పిల్లలు క్లాసు నిండా ఉన్నారు. రాలేదు. చదువు అక్కడికి సరి. పెళ్లయిన కొత్తలో భార్య బాలామణి పుట్టింటికి ఫోన్ చేసి, "అమ్మా, ఈయనకు మాటలొస్తయా, రావా?" అని అడిగిందట. అందరూ నవ్వారు. సాయిలు అందుకూ అలిగాడు. గోవర్ధనే చాయ్ గ్లాసుతో పోయి లేపుకొచ్చాడు.

ఆండాలు చనిపోయాక ఆ ఇంట్లో "పోయి పిల్సుకరా" అని చెప్పే నోరు లేకుండా పోయింది. ఆ సంగతి సాయిలు గమనించలేదు. గమనించి ఉంటే బాగుండేది.

ఆమె సంవత్సరీకం అయ్యాక అన్నదమ్ములు జాగా పంచుకుందామనుకున్నారు. మొత్తం నూట ఇరవై ఆరు గజాలు. చెరిసగం అన్నదాంట్లో పేచీ లేదు. రోడ్డువైపు ఎవరికి, వెనకవైపు ఎవరికి అన్నదే పేచీ. అందరూ బాపు అని పిలిచే కులపెద్ద కైలాసం వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"పెద్దోన్ని నేను. రోడ్డు దిక్కు నాకు కావాలె బాపు. దుక్నం ఏస్త," అన్నాడు గోవర్ధన్.

"నువ్వు ముంగట దుక్నం ఏస్తే నా బర్లు యాడికెల్లి రావాలె? గోడ దునికి రావాల్నా?" అన్నాడు సాయిలు.

"పక్కకు నాలుగడుగుల సందు ఇడుస్తడు తియ్యి," అన్నాడు కైలాసం.

"నాలుగడుగుల సందుల బర్రె పడ్తదా బాపు? దాని కడుపే గంతుంటది."

"అయితే బర్రెను జర సన్నగ చెయ్యి," అని గోవర్ధన్ నవ్వాడు. కైలాసం కూడా నవ్వాడు. లోపల వదినె నవ్వు కూడా వినబడింది.

సాయిలుకు ఆ నవ్వు తగలరానిచోట తగిలింది. బర్లే అతని బతుకు. పొద్దున్నే గిన్నెలు పట్టుకుని వాకిట్లోకి వచ్చే గిరాకీ వెనక సందులోకి రాదు. ఆ మాట కూర్చుని నిదానంగా చెప్పుకోవాల్సింది. చెప్పలేదు. దిగ్గున లేచి, "నాకేం వద్దు పో. మొత్తం నువ్వే తీస్కో," అని పోయి గోలెం మీద కూర్చున్నాడు.

లోపలి మాటలు గోడ అవతలి నుంచి వినబడుతూనే ఉన్నాయి.

"పిలువరాదురా, నీ తమ్ముడే గదా," అన్నాడు కైలాసం.

గోవర్ధన్ గ్లాసు జరిపిన చప్పుడైంది. తర్వాత, "చాయ్ సల్లారుతుంది బాపు, తాగు," అన్నాడు.

ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. సాయిలు పొద్దున పాలు పితకడం, పోసి రావడం, గోలెం మీద కూర్చోవడం. బాలామణికి ఒళ్లు మండింది.

"నోరు తెర్సి చెప్పరాదు? సగం నాది, రోడ్డు దిక్కు ఇస్తవా, పెద్ద సందు ఇస్తవా అని అడుగు. గంతే గదా."

"వాడే రావాలె."

"ఆయన రాకుంటే?"

"వస్తడు. ఎప్పుడు రాలేదు?"

వచ్చింది కైలాసం. చేతిలో కాగితాలేం లేవు, ముఖంలో మాత్రం ఇబ్బంది ఉంది.

"సాయిలూ, నీ నోటితోని నాకేం వద్దన్నవు గదా. నువ్వు హక్కు ఇడిసినట్టు గోవర్ధన్ కాయితం రాపిచ్చిండు. రేపు రిజిస్ట్రేషన్. ఒక్క మాట చెప్పు, నీకు ఇష్టమేనా? కాదంటే గిప్పుడే ఆపుత."

కైలాసం మంచివాడే. ఆ మాట నిజంగానే అడిగాడు. సాయిలు గోడ వైపు తిరిగి, "నాకేం వద్దు," అన్నాడు. వంటింట్లో బాలామణి చేతిలోని గిన్నె కింద పడింది.

అతని లెక్క వేరే ఉంది. ఎంత పెద్ద అలకకు అంత పెద్ద బతిమాలుడు. అన్నం మీద అలిగితే అన్నం పెట్టారు, చొక్కా మీద అలిగితే చొక్కా కొన్నారు. సంతకం దాకా పోతే అన్న చెయ్యి పట్టుకోకుండా ఉంటాడా? ఉతికిన చొక్కా తొడుక్కుని, ఆటోలో డ్రైవరు పక్కన ముడుచుకుని కూర్చుని పోయాడు. దారి పొడుగునా వీపుకు చెవులున్నట్టు వెనక సీటు వైపే ధ్యాస. గోవర్ధన్ ట్రాఫిక్ గురించి మాట్లాడాడు.

ఆఫీసులో ఒక పిల్ల కెమెరా ముందు కూర్చోబెట్టి ఫోటో తీసింది.

"సార్, మూతి గట్ల పెట్టకండి. జర మంచిగ కూసోండి."

సాయిలు మూతి మారలేదు. వేలిముద్రలు అయ్యాయి. ఆఫీసరు కాగితాల్లోంచి తలెత్తి, "చదివించుకున్నారా? ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా?" అని అడిగాడు. సాయిలు గోవర్ధన్ వైపు చూశాడు. ఇదే ఆఖరు. ఇప్పుడు పట్టుకోవాలి చెయ్యి. గోవర్ధన్ పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తున్నాడు.

సాయిలు తల ఊపి పెన్ను తీసుకున్నాడు. 'సా' అని రాసి ఆగాడు. 'యి' రాసి ఇంకాసేపు ఆగాడు. అన్నకు ఎంత వీలివ్వాలో అంతా ఇచ్చాడు.

"తొందరగా కానియ్యండి, వెనక మంది ఉన్నారు," అన్నాడు ఆఫీసరు.

'లు' కూడా రాసేశాడు.

బయటికొచ్చాక గోవర్ధన్ ఆటో ఎక్కుతూ, "ఇంటికొస్తవా?" అన్నాడు. సాయిలు వినబడనట్టు నడుచుకుంటూ పోయాడు. ఇంటికి చేరాక కొట్టంలో బర్ల మధ్య నిలబడి ఏడ్చాడు. అవి నెమరు వేసుకుంటూ నిలబడ్డాయి.

బాలామణి ఊరుకోలేదు. నయాపూల్ దగ్గర, కోర్టు ఎదురుగా మెట్ల మీద ఆఫీసు ఉన్న వకీలు పరబ్రహ్మం దగ్గరికి లాక్కుపోయింది. ఆయనది రాజమండ్రి వైపు, ఊరు వదిలి ఏళ్లయినా మాట మారలేదు.

"మిమ్మల్నెవరైనా బెదిరించారా అండీ?"

"లేదు సార్."

"పోనీ మందు గానీ తాగించి పెట్టించారా?"

"చాయ్ గూడ తాగియ్యలే."

"అబద్ధం చెప్పి మోసం చేశారా?"

"ఏం చెప్పలే సార్. గదే గదా లొల్లి. ఒక్క మాట చెప్పలే."

"మరి సంతకం ఎందుకు పెట్టారండీ?"

సాయిలు నేల చూశాడు. "అలిగిన సార్."

పరబ్రహ్మం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సాయిలు గారూ, అలక్కి సెక్షన్ లేదండీ." తర్వాత దస్తావేజు మీద ఫోటో కేసి చూసి, కొంచెం మెత్తగా అన్నాడు. "ఈ మొహం చూస్తే పసిపిల్లాడైనా చెప్తాడు, మీకు ఇష్టం లేదని. కానీ కోర్టు మొహం చూడదండీ, కింద సంతకం చూస్తుంది. మీ డబ్బులు తీసుకుని కేసెయ్యగలను. నిలబడుతుందని మాత్రం చెప్పలేను."

మెట్లు దిగుతుంటే బాలామణి ఏమీ మాట్లాడలేదు. ఆమెది అలక కాదు. మాట్లాడడానికి ఏమీ మిగలలేదు.

బర్లను జల్‌పల్లికి తోలుకుపోయారు. అక్కడ రేకుల కొట్టం ఒకటి కిరాయికి దొరికింది. కొత్త జాగా పడక పెద్ద బర్రె పాలు చేపడం మానేసింది. సాయిలు దాని పక్కన గొంతుక్కూర్చుని గంగడోలు నిమిరి, "ఏందమ్మా, ఎందుకు అలిగినవు? తిను, ఉస్మాన్‌గంజ్ తవుడే, నీ కోసమే తెచ్చిన," అని బతిమాలేవాడు. అది చాలా సేపటికి కరిగి చేపేది.

"బర్రె కాళ్లు పట్టుకుంటవు," అంది బాలామణి ఒకరోజు, "అన్నను ఒక్క మాట అడుగనీకె నీకు నోరు రాలే."

సాయిలు అలిగాడు. అక్కడ గోలెం లేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. బాలామణి పేడ ఎత్తింది, గిన్నెలు తోమింది, పండుకుంది. చాయ్ రాలేదు.

ఎండాకాలం మొదట్లో గౌలిపురా ఇల్లు పగలగొడుతున్నారని పాత గిరాకీ ఒకతను చెప్పాడు. సాయిలు పాల క్యాన్లు బండికి వేలాడుతుండగానే పోయాడు. ముందు గదులు అప్పటికే కూలిపోయాయి. కొట్టం పైకప్పు లేదు. గోలెం ఒక్కటే వాకిట్లో ఎండకు తెల్లగా మిగిలి ఉంది. పోయి దాని అంచు మీద కూర్చున్నాడు.

"భాయ్, హటో జరా," అన్నాడు సుత్తి పట్టుకున్నవాడు. సాయిలు కదల్లేదు. "బోల్తేచ్ నై క్యా?" అని, వీనికి మాటలే రావా అన్నట్టు, వాడు ఇంకొకడితో నవ్వాడు.

అప్పుడు గోవర్ధన్ వచ్చాడు. చేతిలో చాయ్ గ్లాసు ఉంది.

సాయిలు అంచు మీద నిటారుగా కూర్చున్నాడు. వచ్చాడు. ఆలస్యమైతే అయింది, వచ్చాడు. ఈసారి చెప్పెయ్యాలి. సగం నాది, ఇయ్యి అన్నా అని చెప్పెయ్యాలి. జల్‌పల్లి నుంచి దారి పొడుగునా సాయిలు ఆ మాటే నోట్లో తిప్పుకుంటూ వచ్చాడు.

"సాయిలూ," అన్నాడు గోవర్ధన్.

"నాకేం వద్దు పో," అన్నాడు సాయిలు. ఆ మాట దానంతటదే వచ్చేసింది. నలభై ఏళ్ల అలవాటు నాలుకను వదల్లేదు.

"ఎర్కనే. కాయితం మీద గూడ గదే రాసుంది. జర లెవ్వు, గోలెం పగలగొడ్తరు."

సాయిలు అన్న ముఖంలోకి చూశాడు. గోవర్ధన్ ముఖం తిప్పుకోలేదు.

"నువ్వు అలిగినవని నా పతంగి నీకిచ్చిన. నా సైకిల్ ఇచ్చిన. ఆఖరికి అమ్మ నా కోసం దాసిన మాంసం ముక్క గూడ ఇచ్చిన. నేను గూడ ఒక దినం గీన్నే కూసున్న, యాదికున్నదా?"

సాయిలుకు గుర్తు లేదు.

"ఉండదు. ఎవ్వలు రాలే. పెద్దోనివి నీకేం అలకరా అన్నది అమ్మ. చీకటి పడ్డంక నేనే లేచి పోయి తిన్న. గప్పటిసంది మళ్ల కూసోలే." గోవర్ధన్ గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "నాకు పిలిచి పిలిచి యాష్టకొచ్చింది సాయిలూ. లెవ్వు."

గ్లాసులోని చాయ్ తానే తాగేసి, ఖాళీ గ్లాసు పట్టుకుని పనివాళ్ల వైపు పోయాడు.

సాయిలు లేచాడు. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. రెండో దెబ్బకే గోలెం రెండు ముక్కలైంది. లోపల ఎండిన కుడితి పొర పెచ్చులుగా రాలింది. అయినా పిలవాల్సింది వాడే, అన్నగా పుట్టినందుకు పిలవాల్సింది వాడే అనుకుంటూ సాయిలు బండి స్టార్ట్ చేశాడు. క్యాన్లలో పాలు అప్పటికే విరిగిపోయాయి. జల్‌పల్లి చేరేదాకా ఆ మాటే అనుకున్నాడు, ఇప్పటికీ అదే అంటాడు. ఒక్క మాట పిలిస్తే వాడి సొమ్మేం పోయేదని అంటాడు. పోయింది మాత్రం సాయిలు సొమ్మే. గౌలిపురాలో, కొట్టంతో గోలెంతో సహా, అరవై మూడు గజాలు.