అత్తగారి గుండీల సీసాలో హైడ్రోజను

డ్రైవింగు మాస్టారు ఎందరి చేతో స్టీరింగు పట్టించారు గాని, సొంత అత్తగారి దగ్గరే ఆయన పట్టు తప్పింది. ఆవిడ దర్జీ. జీవితమంతా కుట్టుమిషను తొక్కిన కాళ్లు కావడంతో క్లచ్చునీ అదే లయలో తొక్కేవారు. కారు కప్పలా గెంతేది. రెండుసార్లు పరీక్ష తప్పారు. "సొంత అత్తకే నేర్పలేనివాడు మనకేం నేర్పుతాడు?" అంటూ అప్పుడే కొందరు శిష్యులు పక్క వీధి స్కూల్లో చేరిపోయారు. ఈసారీ తప్పితే మిగతావాళ్లూ బండి దిగిపోతారు. అత్తెసరు మార్కులతోనైనా సరే, అత్తగారు గట్టెక్కాలి. అల్లుడుగారు అల్లాడిపోతున్నారు.

ఇదిలా ఉండగా ఆయన చూపు హైడ్రోజను మీద పడింది. ఈ గెంతులకి పెట్రోలు మంచినీళ్లలా ఖర్చవుతోంది కదా, ఆ మంచినీళ్లనే పెట్రోలు చేస్తే పోలా అని! ఫోనులో ఎవరో పద్ధతి చూపించారు. గాజు సీసాలో నీళ్లు, కాస్త వంటసోడా, రెండు స్టీలు రేకులు, బ్యాటరీ నుంచి వైర్లు. బుడగలొస్తాయి, గొట్టంలోంచి ఇంజను పీల్చుకుంటుంది, పెట్రోలు సగం మిగులుతుంది. ఫోనులో ఆయన చెప్పాడు, మాస్టారు నమ్మారు. రేకులు పాత టిఫిను డబ్బా మూత ఇచ్చింది. సీసా మాత్రం అత్తగారు ఇవ్వాల్సొచ్చింది.

"నా కొట్టు తెరిచిన రోజు కొన్న సీసా అల్లుడుగారూ. దీనికి చిన్న పగులొచ్చినా మీ కారు కుట్లన్నీ ఊడదీస్తా" అని గుండీలు గుమ్మరించి ఇచ్చారావిడ.

బానెట్టు కింద చోటు లేక, దాన్ని ముందు అద్దం దగ్గర తీగతో కట్టి నిలబెట్టారు మాస్టారు.

"అత్తయ్యగారూ, కుదపకండి. నీళ్లు ఊగితే గ్యాసు పోతుంది."

"మీ గ్యాసు పోతే పోనీండి, నా సీసా పోకూడదు!"

ఆ దెబ్బతో ఆవిడ కాలు మెత్తబడింది. సీసాలో నీళ్లు ఊగకుండా క్లచ్చు వదలడం, బ్రేకు అద్దడం అలవాటయ్యాయి. కుదుపు పోయి కుదురొచ్చింది. పెట్రోలు ముల్లు కూడా కిందికి దిగడానికి బద్ధకించింది. మొదటిరోజు బుడబుడలాడిన సీసా మర్నాటి నుంచి నోరు మూసుకుంది. "బుడగ పుట్టీ పుట్టకముందే ఇంజను పీల్చేస్తోంది, అంత గిరాకీ!" అని మురిసిపోయి, కారు తలుపు మీద "హైడ్రోజను డ్రైవింగు స్కూలు" అని పెద్దక్షరాలతో రాయించారు మాస్టారు.

పరీక్ష రోజు రానే వచ్చింది. కత్తి మడతల ఇస్త్రీ ప్యాంటులో ఇన్‌స్పెక్టరు కారులోకి తొంగిచూశాడు.

"ఏంటండీ ఇది? కారా, చేపల తొట్టా?"

"హైడ్రోజను యంత్రం సార్! పెట్రోలు సగం ఆదా!"

"ఆదా సంగతి తర్వాత. ఆ వైర్లూ గొట్టాలూ పీకితేగాని పరీక్ష లేదు."

ఎదురుగా ఉన్న సీసా కూడా తీయమంటే అత్తగారు మళ్లీ మిషను తొక్కేస్తారని మాస్టారి భయం! గబగబా బానెట్టు ఎత్తి బ్యాటరీ వైరు పీకబోయారు. అది ఎప్పుడో పీకేసి ఉంది. చివర బట్టముక్క చుట్టి, దారంతో ముద్దుగా ముడి కూడా వేసి ఉంది.

"ఇదెవరి పని?"

"నాదే. మొదటిరోజే పీకేశా. ఆ బుడబుడకి ధ్యాస నిలవట్లేదు" అన్నారు అత్తగారు.

"మరి పెట్రోలెలా మిగిలిందండీ?"

"నా కాలి వల్ల! అది గెంతడం మానేసింది, మీ కారు తాగడం తగ్గించింది."

మాస్టారు నీళ్లు నమిలారు. సోడా నీళ్లాయె, మింగుడు పడలేదు.

ఇన్‌స్పెక్టరు నవ్వు దాచుకుంటూ పక్క సీట్లో కూర్చున్నాడు. మూతా, రేకులూ, గొట్టమూ పోగా నీళ్ల సీసా మిగిలింది. అత్తగారు తీగ విప్పి దాన్ని తిన్నగా ఆయన ఒళ్లో పెట్టారు.

"కాస్త పట్టుకోండి బాబూ. ఇది కళ్లెదుట లేకపోతే నాకు కాలు కుదరదు. ఒలికిందా, కొత్త ప్యాంటు నేనే కుట్టిపెడతా."

ఆయన "అమ్మా!" అనేలోపే కారు కదిలింది. కదిలినట్టు తెలియకుండా కదిలింది. ఎత్తు ఎక్కింది, మధ్యలో ఆగింది, మళ్లీ ఎక్కింది, వెనక్కి నడిచి రెండు గుంజల మధ్య ఒదిగి నిలబడింది. మాస్టారు గేటు దగ్గరే కాపు కాశారు. కారు ఆగగానే పరుగెత్తుకెళ్లి ఇన్‌స్పెక్టరు ప్యాంటు కేసి చూశారు. మడత నలగలేదు. చుక్క పడలేదు.

"పాసయ్యారమ్మా! మాస్టారూ, మీరు మాత్రం ఆ తలుపు మీది రాత మార్పించండి" అన్నాడాయన సీసా అందిస్తూ.

రాత మారింది, మాస్టారి తలరాతా మారింది. సీసా గుండీల దగ్గరికీ, పోయిన శిష్యులు స్కూలుకీ తిరిగొచ్చారు. ఇప్పుడు పాఠం చెప్పేటప్పుడు మాస్టారి ఒళ్లో ఓ మగ్గు నీళ్లుంటాయి. శిష్యులు ఎంతవరకు వచ్చారో అత్తగారికి వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం దండెం మీద ఎన్ని ప్యాంట్లు ఆరుతున్నాయో చూస్తే చాలు.