చెక్క ఆరేదాకా

మా ఆయన చేసిన తలుపు తీయాలంటే తన్నాలి. ఇది నా మాట కాదు, ఊరంతా అనే మాట. ఎండాకాలంలో పలకల మధ్య సందులు పడి, వీధిలో పోయేవాళ్ళకు ఇంట్లో వాళ్ళు ఏం చేస్తున్నారో కనిపించేది. వానాకాలం వస్తే అదే తలుపు ఉబ్బి ద్వారబంధంలో ఇరుక్కునేది. లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట. అందుకే ఆయనకు తన్నుడు మేస్త్రి అని పేరు పెట్టారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, ఆయన నన్ను తంతాడేమోనని నా వైపు జాలిగా చూసేవారు. ఆయన ఈగను కూడా గట్టిగా తోలలేడు.

పని రాక కాదు. వడ్రంగంలో ఆయన చేతికి వంక పెట్టడానికి లేదు. వంకంతా మా పొయ్యిది. చెట్టు కొట్టి పలకలు కోశాక వాటిని నీడలో నెలల తరబడి ఆరనివ్వాలి. చెక్కలో నీరంతా పోయి, వంగేది వంగి, ముడుచుకునేది ముడుచుకున్నాక అప్పుడు చిత్రిక పట్టాలి. వాళ్ళ నాన్న ఆయనకు నేర్పిన మొదటి సంగతి ఇదే. మరి పలకలు కొని నెలలపాటు చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ నెలలు మేం ఏం తినాలి? కోతమిల్లు నుంచి పొద్దున తెచ్చిన పచ్చి చెక్క నాలుగు రోజుల్లో తలుపై ఎవరి గుమ్మానికో ఎక్కాల్సిందే. చిత్రిక పడుతుంటే పొట్టు తడితడిగా వచ్చి ఆయన కాళ్ళకు అంటుకునేది. అది పాడవుతుందని తెలిసీ చేసేవాడు. సాయంత్రం ఆ పొట్టు వదిలేదాకా కాళ్ళు రుద్ది రుద్ది కడుక్కునేవాడు.

చివరికి తలుపు కావాలన్నవాళ్ళు పట్నం వెళ్ళి రేకు తలుపులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మా ఆయనకు మంచాల కోళ్ళు, గొడ్డలి కామలు మిగిలాయి. ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒకరోజు ఆయన ఉలులన్నీ నూనె రాసి వరసగా పేర్చాడు. ఎండలు ముదిరేసరికి ఇటుకబట్టీ మనిషి వస్తాడనీ, ముందస్తు డబ్బు ఇస్తాడనీ, అందరం బట్టీకి పోదామనీ, ఉలులు అమ్మేద్దామనీ నాతో చెప్పాడు. తలుపులు చేసేవాడు తలుపులు చేయడం మానేస్తే ఏమవుతాడో నాకు తెలుసు. మా నాన్న మగ్గం అమ్మేశాక బతికే ఉన్నాడు, అంతే. వద్దనడానికి నా దగ్గర వేరే దారి లేదు.

సరిగ్గా అప్పుడే ఆ ఇద్దరు వచ్చారు. ఒక కళ్ళజోడు అమ్మాయి, ఆమె వెంట ఒక సన్నటి కుర్రాయన. ఏదో సంస్థ అట. ఏడాదిపాటు నెలనెలా మా ఫోనులోకి డబ్బు వేస్తారట. మా వీధిలో ఏమీ లేనివాళ్ళందరికీ ఇస్తున్నారట. తిరిగి ఇవ్వక్కర్లేదు, దేనికి ఖర్చు పెట్టారని అడగరు.

ఊరక రారు మహానుభావులు అని మా అత్తయ్య వాళ్ళను ఒక పట్టాన వదల్లేదు. మీటింగులకు రావాలా అని అడిగింది. అక్కర్లేదన్నారు. ఎవరికైనా జై కొట్టాలా? అక్కర్లేదు. గోడ మీద మీ బొమ్మ ఏమైనా వేస్తారా? లేదు. పోనీ నా మూత్రపిండాలేమైనా కావాలా అని అడిగేసరికి ఆ అమ్మాయి నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకుంది. వాళ్ళు వెళ్ళాక అత్తయ్య తీర్పు చెప్పింది.

"కసాయివాడు కూడా ముందు గొర్రెకు గడ్డే పెడతాడు."

కానీ డబ్బు వచ్చింది. వచ్చిన తర్వాత కూడా ఆవిడకు నమ్మకం కుదరలేదు. ఎవరో తనిఖీకి వస్తారని పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేది, గిన్నెలు బోర్లించేది, ఉన్నంతలో మంచి చీర కట్టుకుని అరుగు మీద కూర్చునేది. ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకు ఆవిడకు అది చిన్నతనంగా అనిపించింది. ఇంత శుభ్రంగా ఉంటే చూడ్డానికి ఒక్కడైనా రాకపోతే ఎలా అని సణిగింది.

డబ్బు సంగతి తెలిసి ఊళ్ళో ప్రతివాళ్ళూ సలహాదారులయ్యారు. మేకను కొనమని ఒకరు, ఇంటికప్పు మార్చమని ఒకరు. నా మనసు కూడా కప్పు మీదే ఉంది, ఎందుకంటే వానొస్తే వెనకగదిలో ఒక్క మూల తప్ప అంతా కారేది. ఇంట్లోకి గింజలు తెచ్చి, మా అమ్మాయి బడి బాకీ కట్టాక మిగిలిన దాంతో రేకులు తెస్తానని మా ఆయన బయలుదేరాడు. తిరిగొచ్చేటప్పుడు బండి నిండా పచ్చి పలకలు.

ఆ రోజు నా నోరు ఊరి చివరిదాకా వినిపించిందని తర్వాత చెప్పారు. వినిపించే ఉంటుంది. ఆయన నన్ను పూర్తిగా అరవనిచ్చి, అప్పుడు చెప్పాడు.

"గింజలు ఇంట్లో ఉన్నాయి కదా. వచ్చే నెలా వస్తాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెక్కను ఆరనిచ్చి తలుపు చేస్తాను. అప్పుడు కూడా తన్నాల్సి వస్తే ఉలులు నేనే అమ్మేస్తా."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదీ అడగలేదు. నాకు కోపం పోలేదు గానీ కాదనలేకపోయాను. సరే, ఎండలు ముదిరి బట్టీ మనిషి వచ్చేదాకా నీ చెక్క నీ ఇష్టం అన్నాను.

వెనకగదిలో కారని మూల పలకలకు దక్కింది. నేల మీద దిమ్మెలు వేసి, పలక మీద పలక, మధ్యలో గాలి ఆడేందుకు అడ్డంగా సన్నటి పుల్లలు. పలకల కొసలకు రంగు పూశాడు, అక్కడి నుంచే చెక్క త్వరగా ఆరి చీలిపోతుందట. మేమంతా ముందుగదిలో ఇరుక్కుని పడుకున్నాం. పొద్దున్నే ఆయన లేచి పలకలకు కుశలప్రశ్నలు వేసి వచ్చేవాడు. వేలితో తట్టి చెవి పెట్టేవాడు, ఒక కొస ఎత్తి బరువు చూసేవాడు. ఊళ్ళోవాళ్ళకు ఇంతకంటే వినోదం ఏముంటుంది? మేస్త్రి చెక్కల్ని పొదిగిస్తున్నాడు, పిల్లలెప్పుడు బయటికొస్తాయమ్మా అని నన్ను నీళ్ళ దగ్గర అడిగేవారు. వచ్చాక మీ ఇంటికి ఒకటి పంపిస్తాలే అనేదాన్ని.

చలి పోయింది, ఎండలు మొదలయ్యాయి. చెక్క తేలికవుతోందని ఆయన ముఖం చూస్తేనే తెలిసేది. ఒకరోజు ఆయన పక్క ఊళ్ళో మంచం బాగుచేయడానికి వెళ్ళాడు, నేను కలుపుకు వెళ్ళాను. అత్తయ్యకు కొడుకు మీద ప్రేమ పొంగింది. ఆవిడ జీవితమంతా గింజలు ఎండబెట్టింది, మిరపకాయలు ఎండబెట్టింది, కట్టెలు ఎండబెట్టింది. బయట ఇంత ఎండ ఊరికే పోతుంటే చీకటి గదిలో చెక్క ఎప్పుడు ఆరుతుంది? ఆలస్యం అమృతం విషం అంటూ మనవరాలిని ఒక కొస పట్టమని, పైనున్న వెడల్పాటి పలకల్ని ఒక్కొక్కటే లాగి వాకిట్లో ఎండలో పరిచింది. ఆ వెడల్పాటి పలకలే తలుపుకని ఆయన ఏరి పెట్టుకున్నవి.

నేను వచ్చేసరికి వాకిట్లో టప్పు టప్పుమని చప్పుడు. పలకలు దోసిలి పట్టినట్టు వంగిపోయాయి. రంగు పూసిన కొసలు దాటి పగుళ్ళు లోపలికి పాకాయి. అత్తయ్య వాటి మీద చీర కొంగు తడిపి కప్పుతోంది, కాలిన ఒంటికి వైద్యం చేస్తున్నట్టు. మా అమ్మాయి ఏడుస్తోంది. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే ఇదే అనుకున్నాను.

ఆయన వచ్చే వేళకే, కబురు పెట్టినట్టు, ఇటుకబట్టీ మనిషి కూడా వచ్చాడు. పగిలిన పలకలు చూశాడు, మా ముఖాలు చూశాడు, జేబులోంచి డబ్బు తీసి అరుగు మీద పెట్టాడు. అతనికి బేరం తేలిగ్గా కనిపించి ఉంటుంది. మా ఆయన వాకిలి అంచునే ఆగిపోయాడు. తర్వాత ఒక్కో పలక దగ్గర కూర్చుని, పగులు ఎంతదాకా వెళ్ళిందో వేలితో చూశాడు. అత్తయ్య ఎదురుగా వచ్చింది. తిట్టరా, కొట్టినా సరే అన్నట్టు నిలబడింది.

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు.

"అమ్మా, అడుగు వరసలో ఇంకా ఉన్నాయి. వెడల్పు తక్కువ, అతికిస్తా. వీటిని కోసి పీటలు చేస్తా. వచ్చే నెల ఇంకొన్ని తెచ్చి ఆరేస్తా. పోయిందేమీ లేదు."

అంతే. బట్టీ మనిషి వైపు తిరిగి, ఈ ఏడు మేం రావడం లేదండీ అని మామూలుగా చెప్పాడు. అతను డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను అప్పుడు ఏడ్చాను. పలకల కోసం కాదు. మా ఇంట్లో ఇంతకు ముందు ఒక పాలచెంబు ఒలికితే రెండు రోజులు యుద్ధం జరిగేది. పొరపాటు చేయడానికి కూడా స్తోమత ఉండాలి, అది మాకు ఏనాడూ లేదు. ఇప్పుడు ఇంత పెద్ద తప్పు వాకిట్లో పరుచుకుని ఉంటే, ఆయన వాళ్ళమ్మతో పోయిందేమీ లేదు అనగలిగాడు. ఆ మాట మా గుమ్మంలో నేను మొదటిసారి విన్నాను. రాత్రి అత్తయ్య అందరికంటే ఎక్కువ తిని, పీటలకు మంచి గిరాకీ ఉంటుందని నాకు వ్యాపారం నేర్పింది. పీటలు నిజంగానే అమ్ముడయ్యాయి.

తొలకరికి ముందు ఆయన అడుగు వరస పలకలు బయటికి తీశాడు. చిత్రిక పడితే పొట్టు ఎండుటాకులా గలగలమంటూ రాలింది. ఆయన చిత్రిక ఆపి, ఆ పొట్టు గుప్పిట్లోకి తీసుకుని నలిపి, నన్ను పిలిచి చూపించాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఏమయ్యా, పొట్టు చూసి ఏడుస్తావా అని వెక్కిరించి, నేనూ కాస్త పొట్టు తీసుకుని నలిపి చూశాను.

తలుపు తయారైంది, కొనేవాళ్ళు మాత్రం లేరు. తన్నుడు మేస్త్రి తలుపు ఎవరు కొంటారు? అందుకని దాన్ని మా గుమ్మానికే బిగించాడు. అప్పటిదాకా మా ఇంటికి గోనెపట్టా తప్ప తలుపు లేదు. వడ్రంగి ఇల్లంటే అంతే మరి.

ఆ ఏడు వానలు పట్టుకుంటే వదల్లేదు. ఊళ్ళో తలుపులన్నీ ఉబ్బాయి. వీధి పొడుగునా దబదబా తన్నులు. మా తలుపును మా అమ్మాయి చిటికెన వేలితో నెట్టేది, చప్పుడు లేకుండా వెళ్ళి గోడకు ఆనుకునేది. ముందు పక్కింటావిడ చూసింది. తర్వాత వీధంతా వచ్చింది. గొడుగులు పట్టుకుని నిలబడి, ఒక్కొక్కరు వచ్చి తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసి చూశారు. అత్తయ్య అరుగు మీద మంచి చీరలో కూర్చుని, నెమ్మదిగా, మా వాడి తలుపు, మెల్లగా తీస్తే చాలు అని ప్రతివాళ్ళకూ చెప్పింది. ఇన్నాళ్ళకు ఆవిడ ఎదురుచూసిన తనిఖీ జరిగింది. నాకు గర్వంతో కాళ్ళు నేల మీద నిలవలేదు, దాచుకోను కూడా లేదు.

ఆ నెల ఫోను మోగలేదు. ఏడాది నిండింది, డబ్బు ఆగిపోయింది. అత్తయ్య ఫోనును రెండుసార్లు దులిపి చూసింది. ఇంట్లో గింజలు కొంతకాలానికి ఉన్నాయి, పీటల డబ్బు కాస్త ఉంది, వెనకగదిలో తర్వాత తెచ్చిన పలకలు ఇంకా ఆరుతున్నాయి. నాకు లోపల్లోపల పాత భయం కదిలింది.

అలాంటప్పుడు విత్తనాల కొట్టు షావుకారు వానలో తడుస్తూ వచ్చాడు. కొత్త మేడ కడుతున్నాడు. ఊరంతా ఆయన కొట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడేదే. మా తలుపు తీసి, వేసి, మడతబందుల దగ్గర వేలు పెట్టి చూశాడు. మేడ మొత్తానికీ తలుపులు, కిటికీలు నువ్వే చేయాలన్నాడు. నెలాఖరుకు గృహప్రవేశం, అప్పటికల్లా కావాలన్నాడు. నోట్ల కట్ట తీసి మా ఆయన చేతిలో పెట్టబోయాడు.

మా ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆయన చూపు వెనకగది వైపు పోయింది. ఏమంటాడో నాకు తెలిసిపోయింది. ఒప్పుకో అనాలని నోటిదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"చెక్క ఇంకా ఆరలేదండీ. చలి వెళ్ళాక చేసిస్తాను. ఇప్పుడు కావాలంటే నావల్ల కాదు."

షావుకారు కట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయనకు కాదనిపించుకోవడం అలవాటు లేదు. వాన చూరు మీంచి ధారగా పడుతోంది. అత్తయ్య ఆయన వైపు ఒక పీట జరిపింది. ఆయన కాసేపు దాన్నీ, తలుపునూ, మా ఆయన్నీ చూసి, కూర్చున్నాడు.

"సరేనయ్యా. ఆగుతాను."

మేం కోతమిల్లు దగ్గర ఆగాం, ఆసుపత్రి మెట్ల మీద ఆగాం, ఆ షావుకారు కొట్టు ముందే ఎండలో ఎన్నోసార్లు ఆగాం. నేను పుట్టి బుద్ధెరిగాక, మా కోసం ఒక మనిషి ఆగడం అదే మొదలు.